రేడియం నుంచి ఎం.ఆర్.ఐ. దాకా: స్త్రీల వైద్య చరిత్రలో ఒక అధ్యాయం

మన సంచికలలో వలస వచ్చిన తాతముత్తాతల కథలు, పండుగలు, పాటలు, భాషను నిలుపుకొనవలసిన అవసరం గురించి వ్రాసుకోవడం మనకు అలవాటు. అవి వ్రాసుకోవలసినవే. కాని మన కుటుంబాల చరిత్రలో ఎవరూ వ్రాయని పుట ఒకటి ఉన్నది. "నాయనమ్మ ఎట్లా పోయింది?" అని పిల్లలు అడిగితే, "కడుపులో ఏదో జబ్బు చేసింది" అని చెప్పి పెద్దలు మాట మార్చేవారు. మలయా రబ్బరు తోటల్లో, కొబ్బరి తోటల్లో మనవారు పనిచేసిన కాలంలో ఆడవారి జబ్బు ఆడవారి మధ్యనే ఉండిపోయేది. తోట ఆస్పత్రిలో డ్రస్సరు మగవాడు. అతనితో చెప్పుకోవడానికి సిగ్గు. ఇంట్లో అత్తగారితో చెప్పడానికి భయం. నొప్పి భరించరానిదైన తరువాత పట్నం ఆస్పత్రికి తీసుకుపోయేవారు. అప్పటికి ఆలస్యమై ఉండేది.

ఆ "ఏదో జబ్బు"లలో ఒకటి గర్భాశయ ముఖద్వార కేన్సర్. గర్భాశయానికి కింది భాగాన మెడవలె సన్నగా ఉండే చోట పుట్టే కేన్సర్ ఇది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 2022లో లోకం మొత్తం మీద సుమారు 6,60,000 మంది స్త్రీలకు ఈ వ్యాధి కొత్తగా బయటపడింది. సుమారు 3,50,000 మంది మరణించారు. ఒక్క భారతదేశంలోనే ఆ ఏడాది సుమారు 1,27,000 మందికి వ్యాధి కనబడగా, దాదాపు 80,000 మంది చనిపోయారు.

ఇంతమందిని బలిగొనే ఈ వ్యాధికి మందే లేదా అంటే, ఉన్నది. నూట ఇరవై ఏళ్ళుగా ఉన్నది. శరీరం లోపలనే, వ్యాధి ఉన్న చోటనే కిరణాలు వెలువరించే పదార్థాన్ని కొంతసేపు ఉంచి తీసివేసే వైద్యం అది. డాక్టర్లు దీనిని బ్రాకీథెరపీ అంటారు. 'బ్రాకీ' అనే గ్రీకు మాటకు 'పొట్టి' అని అర్థం. కొద్ది దూరంనుంచి చేసే చికిత్స కనుక ఆ పేరు. ఈ వైద్యం నడిచివచ్చిన దారిని మన కుటుంబాల ముందు ఉంచాలని మేము ఈ వ్యాసం వ్రాస్తున్నాము. ఆ చరిత్రనంతా ఒక్క మాటలో చెప్పాలంటే, కనబడని దానిని కనబడేట్లు చేసుకోవడమే.

రేడియం వచ్చిన కాలం

1895 నవంబరులో జర్మనీలో రాంట్‌జన్ ఎక్స్ కిరణాలను కనుగొన్నాడు. మరుసటి ఏడాది పారిస్‌లో బెకరెల్ యురేనియం నుంచి తనంత తానుగా వెలువడే కిరణాలను చూశాడు. 1898 డిసెంబరులో మేరీ క్యూరీ, పియరీ క్యూరీ దంపతులు రేడియంను లోకానికి ప్రకటించారు. టన్నుల కొద్దీ ఖనిజాన్ని పాత షెడ్డులో ఉడికించి, కలియబెట్టి, వడగట్టి, 1902 నాటికి ఆమె వేరు చేయగలిగిన రేడియం ఉప్పు ఒక గ్రాములో పదవ వంతు మాత్రమే.

ఆ కిరణాలు చర్మాన్ని కాలుస్తాయని పియరీ క్యూరీ తన చేతిమీదనే పరీక్షించి చూసుకున్నాడు. ఆరోగ్యంగా ఉన్న చర్మాన్నే కాల్చగలిగితే కేన్సర్ గడ్డను ఎందుకు కాల్చరాదు అన్న ఆలోచన డాక్టర్లకు వచ్చింది. 1903లో టెలిఫోను కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహం బెల్ ఒక డాక్టరుకు లేఖ వ్రాస్తూ, సన్నని గాజుగొట్టంలో రేడియంను ఉంచి గడ్డ నడిబొడ్డునే పెట్టి చూడరాదా అని సూచించాడు. అదే ఏడాది న్యూయార్కులో మార్గరెట్ క్లీవ్స్ అనే లేడీ డాక్టరు గర్భాశయ ముఖద్వార కేన్సర్ గల స్త్రీకి రేడియంతో చికిత్స చేసి, ఆ సంగతిని వైద్య పత్రికలో ప్రకటించింది. ఈ చరిత్రలో తొలి అడుగు వేసినవారిలో ఒక స్త్రీ ఉండడం మనం గుర్తుంచుకోదగినది.

అంతకు ముందు ఈ వ్యాధికి ఉన్న దారి కత్తి ఒక్కటే. 1898లో వియన్నాలో ఎర్నెస్ట్ వెర్ట్‌హైమ్ గర్భాశయాన్ని, చుట్టుపక్కల కణజాలాన్ని కలిపి తొలగించే పెద్ద శస్త్రచికిత్సను ఆరంభించాడు. రక్తం ఎక్కించే సదుపాయాలు, సూక్ష్మజీవులను చంపే నేటి మందులు లేని ఆ రోజుల్లో ఆ శస్త్రచికిత్సతోనే ఎందరో ప్రాణాలు పోయేవి. వ్యాధి పక్కలకు పాకినవారికి అదీ పనికిరాదు. అటువంటివారికి రేడియం దేవుడు పంపిన మందువలె కనబడింది.

లోపల ఎందుకు పెట్టాలి?

దీనిని దీపంతో పోల్చి చెప్పవచ్చు. దీపానికి దగ్గరగా ఉన్న పుస్తకంమీద వెలుగు దండిగా పడుతుంది. దూరం రెండింతలైతే వెలుగు నాల్గవ వంతుకు, మూడింతలైతే తొమ్మిదవ వంతుకు తగ్గిపోతుంది. రేడియం కిరణాలదీ అదే లెక్క. కేన్సర్‌ను ఆనుకొని రేడియంను ఉంచితే గడ్డకు బలమైన మోతాదు అందుతుంది. కొద్ది సెంటీమీటర్ల దూరంలో ఆ బలం బాగా తగ్గిపోతుంది. గర్భాశయానికి ముందువైపు మూత్రాశయం, వెనుకవైపు మలాశయం ఉన్నాయి. వాటికి మోతాదు మించితే పుండ్లు పడతాయి, చిల్లులు పడతాయి. కనుక గడ్డకు ఎక్కువ, పక్కవాటికి తక్కువ అందాలి. ప్రకృతి సిద్ధంగానే గర్భాశయానికి లోపలికి దారి ఉన్నది కాబట్టి, కోత లేకుండానే గొట్టాన్ని లోపల ఉంచడానికి వీలు కలిగింది.

ఈ పనికి మూడు నగరాలు మూడు పద్ధతులు ఏర్పరచాయి. స్టాక్‌హోమ్‌లో 1910లో గోస్టా ఫోర్సెల్ నెలకొల్పిన రేడియం ఆస్పత్రిలో, రేడియంను ఒక రోజు పాటు ఉంచి, తీసి, కొన్ని వారాలలో మళ్ళీ మళ్ళీ ఉంచేవారు. పారిస్‌లో క్లాడియస్ రెగో బృందం తక్కువ రేడియంతో ఐదు రోజులపాటు ఆగకుండా చికిత్స చేసేది. ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో 1938లో మార్గరెట్ టాడ్ అనే లేడీ డాక్టరు, మెరెడిత్ అనే భౌతికశాస్త్రవేత్త కలిసి కొత్త ఆలోచన చేశారు. అప్పటిదాకా "ఇన్ని మిల్లీగ్రాముల రేడియం, ఇన్ని గంటలు" అన్నదే లెక్క. దానివల్ల రోగి శరీరంలో ఏ చోట ఎంత మోతాదు పడిందో తెలియదు. వారు గర్భాశయపు నడిగీతకు 2 సెంటీమీటర్లు పక్కగా, యోని పైకొసకు 2 సెంటీమీటర్లు ఎగువన ఒక చోటును గుర్తించి దానికి 'ఎ బిందువు' అని పేరు పెట్టారు. ఆ బిందువు దగ్గర ఎంత మోతాదు పడుతుందో లెక్కగట్టి చికిత్స చేయాలన్నారు.

అది గొప్ప ముందడుగు. మాంచెస్టర్ మాట లండన్‌లోను, బొంబాయిలోను, మద్రాసులోను ఒకే అర్థంతో చెల్లింది. ఎనభై ఏళ్ళకు పైగా ఈ బిందువు లోకమంతటా కొలబద్దగా నిలిచింది. అయితే అందులో ఒక లోపమూ ఉన్నది. ఎ బిందువు అందరు స్త్రీలకూ ఒకటే. గడ్డ మాత్రం అందరికీ ఒకటి కాదు. ఒకరికి నిమ్మకాయంత, ఒకరికి కమలాపండంత, ఒకరికి ఎడమవైపుకు మాత్రమే పాకి ఉంటుంది. ఎక్స్‌రే ఫిలిం మీద ఎముకలు కనబడతాయి, లోహపు గొట్టం కనబడుతుంది; గడ్డ కనబడదు. డాక్టరు వేలితో తడిమి చూసినదే ఆధారం. పెద్ద గడ్డకు మోతాదు చాలకపోవచ్చు. చిన్న గడ్డ ఉన్నామెకు మూత్రాశయం అనవసరంగా కాలవచ్చు.

రేడియం మూల్యం

రేడియం ఖరీదైనది. 1921లో అమెరికా స్త్రీలు చందాలు వేసుకొని మేరీ క్యూరీకి ఒక గ్రాము రేడియంను బహుమానంగా ఇచ్చారు. దాని వెల లక్ష డాలర్లు. డబ్బు ఒక్కటే కాదు, ప్రాణాలు కూడా మూల్యంగా పోయాయి. రేడియం గొట్టాలను చిమటాలతో పట్టుకొని లోపల అమర్చిన డాక్టర్లకు, పక్కన నిలబడిన నర్సులకు కిరణాలు తగిలేవి. మేరీ క్యూరీ స్వయంగా 1934 జులై 4న ఎముకల మూలుగ దెబ్బతిన్న రక్తహీనతతో కన్నుమూసింది. రేడియం సగానికి తరగాలంటే 1,600 ఏళ్ళు పడుతుంది. దాని నుంచి పుట్టే రేడాన్ వాయువు గొట్టం పగిలితే గదంతా వ్యాపిస్తుంది.

రోగి పడిన బాధ వేరు. రేడియం లోపల ఉన్నన్ని రోజులూ కదలకుండా వెల్లకిలా పడుకొని ఉండాలి. బంధువులు దగ్గరకు రాకూడదు. 1951లో అమెరికాలోని బాల్టిమోర్‌లో హెన్రియెట్టా లాక్స్ అనే నల్లజాతి స్త్రీకి ఈ కేన్సర్‌కే రేడియం చికిత్స చేశారు. రేడియంను అమర్చే సమయంలో ఆమెను అడగకుండానే గడ్డ ముక్కను తీసి ప్రయోగశాలకు పంపారు. ఆ కణాలు చావకుండా పెరుగుతూ 'హీలా' అనే పేరుతో లోకమంతటి పరిశోధనకు ఆధారమైనాయి. ఆమె మాత్రం అదే ఏడాది అక్టోబరులో మరణించింది. ఆమె కణాలు బతికే ఉన్నాయన్న సంగతి ఆమె కుటుంబానికి 1970ల దాకా తెలియదు. ఆ స్త్రీ పేరు కూడా ఎంతోకాలం తప్పుగానే ప్రచారమైంది. గడ్డను చూసినవారు మనిషిని చూడలేదన్నమాట.

1934లో మేరీ క్యూరీ కుమార్తె ఐరీన్, అల్లుడు ఫ్రెడరిక్ జోలియో కలిసి కృత్రిమంగా రేడియోధార్మిక పదార్థాలను తయారు చేయవచ్చునని చూపారు. ఆ దారిలోనే కోబాల్టు, సీసియం, ఇరిడియం వైద్యంలోకి వచ్చి రేడియంను పక్కకు నెట్టాయి. 1960ల ఆరంభంలో న్యూయార్కులో అల్రిక్ హెన్ష్కీ మరొక మార్పు ప్రచారంలోకి తెచ్చాడు. ముందుగా ఖాళీ గొట్టాలను లోపల ఉంచాలి. అవి సరిగా ఉన్నాయో లేదో ఎక్స్‌రే తీసి చూసుకోవాలి. ఆ తరువాతనే కిరణ పదార్థాన్ని లోపలికి పంపాలి. తరువాత ఆ పంపడం కూడా యంత్రం చేతికే వచ్చింది. డాక్టరు, నర్సు గది బయట ఉంటారు. ఇరిడియంతో రోజుల చికిత్స నిమిషాలకు తగ్గింది. ఆ ఇరిడియం ముక్క బియ్యపు గింజకంటె చిన్నది, సన్నని తీగ కొసన అంటించి ఉంటుంది. 74 రోజులకు దాని బలం సగమవుతుంది కనుక మూడు నాలుగు నెలలకు ఒకసారి కొత్తది మార్చాలి.

కన్ను తెరిచిన వైద్యం

ఎముకలను కాక మెత్తని అవయవాలను కూడా చూపగల స్కానింగులు 1970, 80లలో వచ్చాయి. అందులో ఎం.ఆర్.ఐ. గర్భాశయ ముఖద్వారపు గడ్డను అన్నిటికంటె స్పష్టంగా చూపుతుంది. గొట్టాన్ని లోపల ఉంచిన స్థితిలోనే రోగికి స్కానింగు తీసి, ఆ బొమ్మ మీద చికిత్సను నిర్ణయించే పద్ధతిని పెంచినవారిలో వియన్నా వైద్య విశ్వవిద్యాలయానికి చెందిన రిచర్డ్ పొటర్ బృందం ముఖ్యమైనది. గడ్డ పక్కలకు పాకిన చోట గొట్టంతో పాటు సన్నని సూదులను కూడా అమర్చే పరికరాన్ని వారు తయారు చేశారు. యూరపు నిపుణులు కలిసి 2005, 2006 సంవత్సరాలలో ఈ పద్ధతికి నియమాలు ప్రకటించారు.

ఇప్పుడు చికిత్స ఈ విధంగా సాగుతుంది. మొదట సుమారు ఐదు వారాలపాటు శరీరం బయటినుంచి యంత్రంతో కిరణాలు ఇస్తారు. తెలుగునాట జనం దీనినే "కరెంటు పెట్టడం" అంటారు. పేరు అట్లా ఉన్నా ఇందులో కరెంటు షాకు వంటిదేమీ లేదు. దానితో పాటు వారానికి ఒకసారి సిస్‌ప్లాటిన్ అనే మందు ఎక్కిస్తారు; ఇది కలిపితే మేలని 1999లో అమెరికా పరిశోధనలు తేల్చాయి. గడ్డ కొంత కరిగిన తరువాత మత్తు ఇచ్చి గొట్టాన్ని లోపల అమర్చి స్కానింగు తీస్తారు. డాక్టరు ఆ బొమ్మ మీద గడ్డ ఎంతవరకు ఉన్నదో, మూత్రాశయం, మలాశయం, పేగు ఎక్కడున్నాయో గీతలు గీస్తాడు. భౌతికశాస్త్రవేత్త ఇరిడియం ముక్క ఏ చోట ఎన్ని క్షణాలు ఆగాలో కంప్యూటరుతో లెక్క కడతాడు. యంత్రం ఆ లెక్క ప్రకారం కొద్ది నిమిషాలలో పని ముగిస్తుంది. గొట్టం తీసిన తరువాత శరీరంలో కిరణ పదార్థమేదీ మిగలదు. ఆమె బిడ్డలను ఎత్తుకోవచ్చును, అందరితో కలిసి భోజనం చేయవచ్చును. ఇట్లా మూడు నాలుగుసార్లు చేస్తారు. మొత్తం చికిత్స ఎనిమిది వారాలలోపల ముగియాలి. ఆలస్యమైన కొద్దీ ఫలితం తగ్గుతుంది.

ఈ శ్రమకు ఫలితమేమిటి? 2008 నుంచి 2015 దాకా యూరపు, ఆసియా, ఉత్తర అమెరికా ఆస్పత్రులు కలిసి 'ఎంబ్రేస్' అనే పేరుతో 1,416 మంది స్త్రీలను చేర్చుకొని పరిశీలించాయి. బొంబాయి టాటా మెమోరియల్ ఆస్పత్రి అందులో పాలుపంచుకొన్నది. 2021లో ఫలితాలు వెలువడ్డాయి. ఐదేళ్ళ తరువాత నూటికి 92 మందిలో వ్యాధి పుట్టిన చోట అదుపులోనే ఉన్నది. నూటికి 74 మంది జీవించి ఉన్నారు. వ్యాధి బాగా ముదిరినవారు కూడా ఈ లెక్కలో ఉన్నారన్నది గమనించాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా చెప్పుకోవాలి. బయటినుంచి కిరణాలిచ్చే యంత్రాలు చాలా నాజూకుగా తయారైనాయి కనుక లోపలి చికిత్స అక్కరలేదని కొందరు తలచారు. అమెరికాలో 1988లో అర్హులైన స్త్రీలలో నూటికి 83 మందికి లోపలి చికిత్స జరగగా, 2009 నాటికి అది 58కి పడిపోయింది. లోపలి చికిత్స పొందనివారు తక్కువ కాలం బతికారని ఆ లెక్కలే చెప్పాయి. కొత్త యంత్రం వచ్చినంత మాత్రాన పాత సూత్రం అబద్ధం కాదు.

తెలుగునాట

1934లో మద్రాసు జనరల్ ఆస్పత్రిలో బర్నార్డ్ రేడియాలజీ సంస్థ వెలసింది. అప్పటికి కోస్తా, సీమ జిల్లాలు మద్రాసు రాజధానిలోనివే కనుక తెలుగువారికీ అదే పెద్దాస్పత్రి. 1954లో డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి పట్టుదలతో అడయారులో కేన్సర్ ఆస్పత్రి ఆరంభమైంది. హైదరాబాదులో 1955లో మెహదీ నవాజ్ జంగ్ చొరవతో ఏర్పడిన ఆస్పత్రి పేరులోనే 'రేడియం' అన్న మాట చేరింది, ఎం.ఎన్.జె. ఆస్పత్రిగా అది నేటికీ పేదల పాలిటి దిక్కు. కేన్సర్‌తో మరణించిన తన భార్య జ్ఞాపకార్థం ఎన్.టి.రామారావు తలపెట్టిన బసవతారకం ఇండో అమెరికన్ కేన్సర్ ఆస్పత్రి 2000 సంవత్సరంలో హైదరాబాదులో ప్రారంభమైంది. దాని వెనుక అమెరికాలోని తెలుగు డాక్టర్ల చేయూత ఉన్నది. దూరదేశాల తెలుగువారు కన్నతల్లి రుణం తీర్చుకొన్న ఒక తీరు అది. మన ముత్తాతలలో అనేకులు ఓడ ఎక్కిన విశాఖ సీమలో, అగనంపూడి వద్ద, టాటా మెమోరియల్ కేంద్రం వారి హోమీ భాభా కేన్సర్ ఆస్పత్రి నడుస్తున్నది.

మనం చేయవలసినది

2022లో ఈ వ్యాధితో మరణించినవారిలో నూటికి 94 మంది పేద, మధ్యతరగతి దేశాలవారే. యంత్రాలు అందనివారు కొందరు. యంత్రం ఉన్నా ఆలస్యంగా వచ్చినవారు కొందరు. ఈ కేన్సర్‌కు మూలం ఒక వైరస్ అని జర్మనీకి చెందిన హెరాల్డ్ త్సుర్ హౌసెన్ బృందం 1983, 84లలో తేల్చింది. అందుకు ఆయనకు 2008లో నోబెల్ బహుమతి వచ్చింది. 2006లో టీకా వచ్చింది. మలేసియాలో 2010 నుంచి బడిలో పదమూడేళ్ళ బాలికలకు ఆ టీకా వేయడం మొదలైంది. 2018లో మలయా విశ్వవిద్యాలయ వైద్యులు ఆరంభించిన 'రోజ్' కార్యక్రమంలో స్త్రీ తన నమూనాను తానే తీసి ఇవ్వవచ్చును. ఫలితం చేతిఫోనుకు వస్తుంది. సిగ్గు అన్న అడ్డంకి కూడా దానితో తొలగింది. 2020 నవంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2030 నాటికి మూడు లక్ష్యాలు పెట్టింది: పదిహేనేళ్ళలోపు బాలికలలో నూటికి 90 మందికి టీకా, 35 ఏళ్ళకు ఒకసారి, 45 ఏళ్ళకు ఒకసారి నూటికి 70 మంది స్త్రీలకు పరీక్ష, వ్యాధి ఉన్నవారిలో నూటికి 90 మందికి వైద్యం. వ్యాధి ముదిరినవారికి ఆ మూడవ లక్ష్యం లోపలి చికిత్స లేకుండా నెరవేరదు.

ముట్టు ఆగిపోయిన తరువాత రక్తం కనబడినా, నెలసరుల మధ్య కాని, భార్యాభర్తల కలయిక తరువాత కాని రక్తం పోయినా, దుర్వాసనతో తెల్లబట్ట అవుతున్నా ఆలస్యం చేయరాదు. ఇవన్నీ కేన్సరే అని కాదు. పరీక్షించి తేల్చుకోవాలని మా మనవి. ఏ లక్షణమూ లేకుండానే పరీక్ష చేయించుకొనడం మరింత మేలు. ఈ వైరస్ ఎంతో సాధారణమైనది. సోకడం ఏ స్త్రీకీ తలవంపు కాదు. ఈ మాట మన మగవారు ముందుగా తెలుసుకోవాలి.

వేలితో తడిమి, ఒక ఊహాబిందువును నమ్ముకొని మొదలైన వైద్యం, నేడు ఒక్కొక్క స్త్రీ శరీరాన్ని విడివిడిగా చూసి, ఆమెకు తగిన లెక్క కడుతున్నది. వైద్యులు వంద ఏళ్ళు కష్టపడి చూపు సంపాదించారు. ఆ చూపు మన ఇంటి ఆడపడుచుకు అందాలంటే ఆమె నోరు విప్పి చెప్పగల చనువు మన ఇంట్లో ఉండాలి. మన అమ్మమ్మలు, నాయనమ్మలు చెప్పుకోలేక పోయిన మాటను మన అక్కచెల్లెళ్ళు, కూతుళ్ళు, కోడళ్ళు తడబడకుండా చెప్పుకోగలగాలని, విన్నవారు ఆ రోజే వారిని ఆస్పత్రికి వెంటబెట్టుకొని వెళ్ళాలని ఈ పండుగ వేళ మేము కోరుకుంటున్నాము.